శుక్రవారం వెలుగు

ఉస్తిన్యాను కాపాడటానికి నా దగ్గరున్న సరుకు ఒక్కటే: చనిపోయిన ఆమె భర్త బొమ్మ. అది కోర్టులో నిలబడితే ఆమె ఇంటికి వస్తుంది. నిలబడకపోతే కాళ్ళకు సంకెళ్ళతో సైబీరియా గనులకు నడుస్తుంది. నువ్వు కొంత తగ్గు, నేను కొంత తగ్గుతాను అని మధ్యలో కుదుర్చుకునే బేరం కాదిది.

నా పేరు నికనోర్ సవ్విచ్. మాస్కోలో రంగులు, కాన్వాసు, పటాల చట్రాలు అమ్ముతాను. బొమ్మలు కూడా కొని అమ్ముతాను. నకిలీలను పట్టుకోవడంలో నాకు పేరుంది కాబట్టి కోర్టువాళ్ళు అప్పుడప్పుడు నాకు కబురు పెడుతుంటారు. ఈసారి మాత్రం ఎవరూ పిలవలేదు, నేనే వెళ్ళి తల దూర్చాను. ఉస్తిన్యా బాప్తిస్మం నాడు ఆమెను చేతుల్లోకి తీసుకున్నవాణ్ణి నేను. అలా తీసుకున్నవాడు మాలో సగం తండ్రి.

వ్యవహారం చెప్పుకోవడానికి చిన్నదే. నవంబరులో ఒక గురువారం రాత్రి ఉస్తిన్యా త్వేర్‌లో ఉన్న తల్లి దగ్గరికి రైలెక్కింది. ఆదివారం ఆ ఇంటి కాపలాదారు పహోమ్ తలుపు తోసి చూస్తే, చిత్రకారుడు ఫదేయ్ వెష్న్యకోవ్ బల్ల ముందు కుర్చీలోనే చచ్చిపోయి ఉన్నాడు. టీలో పాషాణం పడిందని, తాగిన కొద్ది గంటల్లోనే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. ఏ రోజన్నది మాత్రం చెప్పలేకపోయాడు. పొయ్యి ఆరిపోయి గది మంచుగడ్డలా ఉంది, శవం చెడలేదు. గురువారం సాయంత్రమే తాగి ఉంటే ఆ టీ కలిపిన చెయ్యి ఉస్తిన్యాది. శుక్రవారం పగలు ఫదేయ్ బతికుంటే ఆమెకు దానితో సంబంధం లేదు.

ఆమెను జైల్లో పెట్టాక, ఫదేయ్ స్నేహితుడు గ్లెబ్ ర్యాజిన్ చంకలో ఒక బొమ్మ పెట్టుకుని మేజిస్ట్రేటు ముందుకు వచ్చాడు. శుక్రవారం పగలంతా ఫదేయ్ తన ఎదుట కూర్చున్నాడని, ఇది ఆ రోజు వేసిన బొమ్మేనని ప్రమాణం చేశాడు. గ్లెబ్‌ది, కళ్ళతో చూసిందే వెయ్యాలి, లేనిది కల్పించకూడదు అని పట్టుబట్టే చిత్రకారుల గుంపు. అతను అబద్ధం ఆడగలడేమో గాని, వెయ్యలేడు. నా ఆశంతా ఆ తేడా మీదే ఉంది.

బొమ్మను అది పుట్టిన గదిలోనే పరీక్షించాలన్నారు. మేమంతా ఫదేయ్ గదిలో చేరాం. నేను, గ్లెబ్, పహోమ్, పోలీసు అధికారి కపితోన్ స్తుకోవ్. స్తుకోవ్ తెలివైనవాడు. తన మీసమంటే అతనికి మహా మోజు. రాగానే కిటికీ గాజులో చూసుకుంటూ చిన్న దువ్వెనతో దువ్వుకున్నాడు. గదిలో ఉన్నవన్నీ చావు రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉంచారు. బల్ల, దాని మీద టీ నీళ్ళు కాచే ఇత్తడి సమోవార్, కుర్చీ, గోడవారగా తాళం వేసిన గుడ్డల పెట్టె, తలుపు పక్కన దుప్పటి కప్పిన అద్దం. చావు జరిగిన ఇంట్లో నలభై రోజులు అద్దం కప్పి ఉంచుతాం. అది మా కళ్ళకు ఆనదు.

బొమ్మను కిటికీ దగ్గర నిలబెట్టారు.

మంచి బొమ్మ. నా కొట్టులో ఉంటే మూడో కంటికి చూపించకుండా దాచుకునేవాణ్ణి. ఫదేయ్ బల్ల ముందు కూర్చున్నాడు. చొక్కా కాలరు నలిగి ఉంది. కుడి చెయ్యి బల్ల మీద బరువుగా పడి ఉంది, గోళ్ళ కింద పాత రంగు. పక్కన సమోవార్. అతని చూపు మన మీద లేదు, మన భుజం పక్కనుంచి వెనక్కి ఎక్కడికో పోతోంది. సాటి చిత్రకారుణ్ణి వేసేటప్పుడు అందరూ చేతికి కుంచె ఇస్తారు. గ్లెబ్ ఇవ్వలేదు. రెండేళ్ళుగా ఫదేయ్ ఒక్క బొమ్మ కూడా ముగించలేదు. స్నేహితుడు ఆ సంగతి దాచకుండా ఖాళీ చెయ్యి వేశాడు. ఇంకో సంగతి బొమ్మలో లేదు. ఆ రెండేళ్ళలో ఉస్తిన్యా మణికట్టు మీద తరచూ కమిలిన గుర్తులుండేవి. అడిగితే తలుపు తగిలిందనేది.

"షావుకారుగారూ, అమ్మకానికి పెట్టింది కాదిది. అంత ముచ్చటగా చూడకండి," అన్నాడు స్తుకోవ్.

"చూడకుండా మాట్లాడటం నాకు చేతకాదు. మీకు అలవాటేమో."

అతను నవ్వి బొమ్మలోని ముఖం మీదికి వేలు చూపించాడు. చచ్చేనాటికి ఫదేయ్ బుగ్గలు లోపలికి పోయి ఎముకలు తేలాయి. శవాన్ని స్వయంగా చూశానన్నాడు. బొమ్మలో బుగ్గలు నిండుగా ఉన్నాయి, చర్మం మీద ఎండ తగిలిన రంగుంది. ఇది ఎండాకాలంలో ఎప్పుడో వేసి మూల పడేసిన బొమ్మ, స్నేహితుడి పెళ్ళాన్ని బయటపడెయ్యడానికి ఇప్పుడు దుమ్ము దులిపి తెచ్చారు అన్నది అతని వాదన.

"స్నేహితుడు కదా, కాస్త కండ పెట్టి ఉంటాడు," అన్నాను.

"మొన్న కోర్టులో మీరేగా చెప్పారు, ఈ గుంపువాళ్ళు దేవుడొచ్చి కూర్చున్నా మొటిమ వదిలిపెట్టరని? ఇవాళ కండలు అరువిస్తున్నారా?"

ఆ దెబ్బ తగిలింది. గ్లెబ్ వైపు చూశాను. అతను గోడ వైపు చూస్తున్నాడు. ఆ క్షణంలో ఆగి ఆలోచించి ఉండాల్సింది. కాని ఎదుటివాడు ధర తగ్గించి మాట్లాడుతుంటే నాకు పంతం వస్తుంది.

ముఖం వదిలేసి కాలరు చూడమన్నాను. కాలరు మడత కింద, చేతి కింది వైపు, సమోవార్ అడుగున ఒక చల్లని నీలి తెలుపుంది. గదిలో వెలుగు పైనుంచి కిందికి పడాలి. ఇక్కడ కిందినుంచి పైకి కొడుతోంది. ఎందుకంటే కిటికీ బయట, ఈ అంతస్తుకు కాస్త దిగువన, పక్కింటి రేకుల కప్పుంది. దాని మీద మంచు పడితేనే వెలుగు అలా ఎగదన్ని లోపలికి వస్తుంది. పహోమ్‌ను పిలిచి ఈ ఏడు మొదటి మంచు ఎప్పుడు పడిందని అడిగాను.

"గురువారం అర్ధరాత్రి మొదలైంది బాబూ. తెల్లారేసరికి వాకిలంతా మోకాటి లోతు. ఊడవలేక నా నడుం పోయింది. శనివారం పొద్దున్నే వాన పడి మొత్తం కొట్టుకుపోయింది. ఒక రోజు ముందు కురిసుంటే నా నడుమన్నా మిగిలేది."

"తర్వాత మళ్ళీ ఎప్పుడు?" అన్నాడు స్తుకోవ్.

"మళ్ళీ పడే నాటికి ఈ గదికి మీవాళ్ళ లక్క ముద్రలు పడ్డాయి కదయ్యా."

స్తుకోవ్ వంగి కాలరు చూశాడు. పోయిన ఏడాది మంచు కావచ్చుగా అన్నాడు. ఆ రేకుల కప్పు ఈ ఎండాకాలమే వేశారని, అంతకు ముందు అక్కడ నల్లటి కర్రల కప్పు బాగా దిగువన ఉండేదని పహోమ్ చెప్పాడు. స్తుకోవ్ మెల్లిగా చేతి తొడుగులు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"సరే. శుక్రవారమే. ఒప్పుకున్నాను," అన్నాడు. "మీ మాట మీరే చెప్పండి, రాసుకుంటాను. రేపు మేజిస్ట్రేటు దీన్ని బట్టే తేలుస్తారు."

నేను తూచి తూచి చెప్పాను. ముఖంలో ఎంత మెరుగు దిద్దినా, ఈ గదికి సంబంధించి బొమ్మలో ఉన్న ప్రతిదీ శుక్రవారం పగలు, ఇక్కడే కూర్చుని, కంటితో చూసి వేసింది. వేరే ఏ రోజూ కుదరదు. అతను రాసుకుని, కింద పహోమ్ గదిలో వెచ్చగా కూర్చుని శుభ్రంగా తిరగరాసి తెస్తానని మెట్లు దిగాడు.

గెలిచాననే అనుకున్నాను. గెలిచిన బేరాన్ని ఇంకోసారి తడిమి చూసుకోవడం వ్యాపారి అలవాటు. గ్లెబ్ బొమ్మ వేస్తూ కూర్చున్న చోట, తలుపుకు వీపు పెట్టి, అదే ముక్కాలి పీట మీద కూర్చున్నాను. బొమ్మలో ఒక్కొక్కటీ చూసి గదిలో ఒక్కొక్కటీ సరిచూశాను. బల్ల అంచు మీద కత్తి గాటు సరిపోయింది. సమోవార్ పిడి సొట్ట సరిపోయింది. సమోవార్ పొట్టలో గది మొత్తం వంకరగా, చిన్నదిగా కనబడుతుంది. కిటికీ ఒక తెల్లటి చీలికలా, బొమ్మ వేసేవాడు నల్లటి మచ్చలా, అతని వెనక తలుపు, తలుపు పక్కన ఒక తెల్లటి నిలువు పట్టీ. గ్లెబ్ పనితనానికి ముచ్చటేసింది. గోరంత జాగాలో గదంతా దించాడు.

ఆ తెల్లటి పట్టీ దగ్గర నా వేలు ఆగింది.

వెనక్కి తిరిగి చూశాను. అది దుప్పటి కప్పిన అద్దం.

కప్పని అద్దమైతే సమోవార్‌లో అలా కనబడదు. నల్లగా మెరుస్తూ, లోపల కిటికీ ఇంకోసారి చిన్నగా కనబడాలి. బొమ్మలో ఉన్నది మెరుపు లేని, మడతలున్న గుడ్డ తెలుపు. అంటే శుక్రవారం ఈ బొమ్మ వేస్తున్నప్పుడే అద్దం కప్పేసి ఉంది. బతికున్న మనిషి ఇంట్లో అద్దం ఎవరూ కప్పరు. అలా కప్పితే చావును పిలిచినట్టే.

శుక్రవారమేనని రుజువు చేసింది నేను. ప్రతిదీ కంటితో చూసి వేసిందే అన్నదీ నేనే. నా రెండు మాటలూ కలిపి తూస్తే, తేలేది శవం.

పహోమ్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. అద్దం కప్పింది నువ్వేనా అని, ఏదో మాటవరసకు అడిగినట్టు అడిగాను.

"నేనెక్కడ బాబూ. పోలీసులొచ్చి కప్పారనుకున్నా. ఆదివారం నేను తలుపు తీసేటప్పటికి…" అని ఆగి తల గోక్కున్నాడు. "అప్పటికే కప్పి ఉన్నట్టుందే. చావు ఇల్లు కదా, ఎవరో కప్పుంటారులే అనుకున్నా."

"ఆదివారం నువ్వు తలుపు తీసేదాకా ఇది చావు ఇల్లని ఎవరికి తెలుసు?"

పోలీసులు పహోమ్ కప్పాడనుకున్నారు, పహోమ్ పోలీసులనుకున్నాడు. చావు ఇంట్లో కప్పిన అద్దం గురించి ఆలోచించేవాడు ఈ ఊళ్ళోనే ఉండడు. వెళ్ళి స్తుకోవ్‌గారికి వేడి టీ ఇప్పించి కాసేపు కూర్చోబెట్టమని పహోమ్‌ను కిందికి పంపాను. తలుపు వేసి గ్లెబ్ ఎదురుగా నిలబడ్డాను.

"నీ ఎదురుగా కూర్చున్నది ఫదేయ్ కాదు, ఫదేయ్ శవం. అవునా?"

గ్లెబ్ వాదించలేదు. ఇన్ని రోజులూ ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూస్తున్నట్టు పీట మీద కూలబడ్డాడు. జరిగింది చెప్పాడు. శుక్రవారం పొద్దున వస్తానని ముందే మాట అయింది. వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది, ఫదేయ్ కుర్చీలో చల్లబడి ఉన్నాడు. బల్ల మీద గ్లాసులో టీ, అడుగున తెల్లటి పొడి. తనే కలుపుకుని తాగాడనుకున్నాడు గ్లెబ్. ఆత్మహత్య అని తేలితే పూజారి ప్రార్థన చదవడు, శ్మశానం గోడకు బయట పాతిపెడతారు. అందుకని గ్లాసు కడిగి బోర్లించాడు.

"తర్వాత ఎవర్నీ పిలవకుండా కూర్చుని బొమ్మ వేశావా?"

"మా ఇద్దరికీ మాటుంది, నికనోర్ సవ్విచ్. ముందు పోయినవాణ్ణి రెండోవాడు వెయ్యాలని. కుర్రతనంలో, తాగినప్పుడు అనుకున్న మాట. ఫదేయ్ నన్ను ఎప్పటికీ వెయ్యలేడుగా ఇక." అతను తన చేతుల్ని తిప్పి చూసుకున్నాడు. "ముఖం మాత్రం చూడలేకపోయాను. నా జన్మలో మొదటిసారి, ఎదురుగా ఉన్నది వదిలేసి గుర్తున్నది వేశాను. ఎండాకాలం ఓకా నదిలో చేపలు పడుతున్నప్పుడు ఎలా ఉన్నాడో అలా వేశాను. మిగతాదంతా ఉన్నది ఉన్నట్టే."

స్తుకోవ్ చెప్పింది నిజమన్నమాట. ఆ ముఖం ఎండాకాలానిదే. నేను చెప్పిందీ నిజమే. ముఖం ఒక్కటి ప్రేమతో వేసింది, గదంతా కంటితో వేసింది. కంటితో వేసిందే మమ్మల్ని పట్టిచ్చింది.

అయినా ఒక దారి మిగిలి ఉందనిపించింది. ఆత్మహత్య అని నిలబెట్టగలిగితే ఉస్తిన్యా బయటపడుతుంది. ఫదేయ్‌ను తవ్వి గోడ బయట పాతిపెట్టాలంటే పెట్టనీ. పోయినవాడికన్నా ఉన్నది ముఖ్యం. గ్లాసు నేనే కడిగానని కోర్టులో చెబుతావా అని అడిగాను.

"చెబుతాను. ఎవరు నమ్ముతారు? ఇదివరకే ఒకసారి ప్రమాణం చేసి అబద్ధం ఆడాను. ఆ మాట నిజమని చూపడానికి ఉన్నది ఆ గ్లాసొక్కటే. దాన్ని నేనే కడిగేశాను."

అతను చెప్పింది సరైన లెక్కే. అయినా నేను వదల్లేదు. వచ్చినప్పటినుంచి వెళ్ళేదాకా ఒక్కొక్కటీ వరసగా చెప్పు, ఎక్కడో ఏదో దొరుకుతుంది అన్నాను. వచ్చాక ముందు ఏం చేశావు? గ్లాసు కడిగాను. తర్వాత? కాన్వాసు సర్దుకున్నాను. అద్దం ఎప్పుడు కప్పావు?

గ్లెబ్ తలెత్తాడు.

"అద్దం నేను కప్పలేదు."

"ఇంకెవరు కప్పుతారు? గదిలో నువ్వేగా ఉన్నావు."

"వెలుగు తగ్గాక వెళ్ళబోతూ, అయ్యో, అద్దం కప్పలేదే అని అటు వెళ్ళాను. అప్పటికే కప్పి ఉంది. నేను వచ్చినప్పటినుంచీ…" అతను పీట మీంచి లేచాడు. "చావు ఇల్లు కదా అనుకున్నాను. అంతే. ఎవరు కప్పారని అనుకోలేదు. ఇప్పటిదాకా అనుకోలేదు."

ఇద్దరం ఆ దుప్పటి వైపు చూశాం. వెళ్ళి అంచు పట్టుకున్నాను. గుడ్డ నాణ్యం నా వేళ్ళు చెబుతాయి. కొత్త నార దుప్పటి, మడతలు విరగలేదు, పెట్టెలో పెట్టే ఎండు ఆకుల వాసన ఇంకా ఉంది. మూల మీద ఎర్ర దారంతో కుట్టిన చిన్న కోడిపుంజు. ఆ జత దుప్పట్లు నేను కొన్నవే. ఉస్తిన్యా పెళ్ళి నాడు నేను పెట్టిన కానుక. వాడితే పాడవుతాయని ఆమె వాటిని గోడవార ఉన్న ఆ పెట్టెలో పెట్టి తాళం వేసుకుంది. తాళంచెవి ఆమె నడుముకే ఉండేది. త్వేర్‌లో అరెస్టు చేసినప్పుడు ఆ నడుము నుంచే తీసుకున్నామని స్తుకోవ్ చెప్పగా విన్నాను.

నేను జైలుకి వెళ్ళినప్పుడు ఆమె చెప్పిన మాట గుర్తొచ్చింది. తను బయల్దేరేటప్పుడు ఫదేయ్ లేచి నిలబడి ఉన్నాడట, చలి వస్తోంది, తలుపు సరిగా వెయ్యి అన్నాడట. నేను ఒక్క మాట కూడా తిప్పి అడగలేదు. చేతుల్లోకి తీసుకున్న పిల్ల మాటను గీటురాయి మీద పెట్టబుద్ధి కాలేదు.

ఉస్తిన్యా అతని టీలో పాషాణం కలిపింది. అతను కదలకుండా పోయేదాకా కూర్చుంది. అతని ఆత్మ అద్దంలో చిక్కుకోకూడదని, పెట్టె తెరిచి తన దగ్గరున్న వాటిలో మంచి దుప్పటి తీసి కప్పింది. మళ్ళీ తాళం వేసి రైలుకి వెళ్ళింది. అంత భయభక్తులున్న పిల్ల కాకపోతే ఎవరికీ దొరికేది కాదు.

గ్లెబ్‌కు అంతా అర్థమైంది. అతను ఫదేయ్ ముఖం వైపు, ఎండలో నవ్వబోతున్నట్టున్న ఆ ముఖం వైపు చూస్తూ, "ఆ చేతుల మీద గుర్తులు నేనూ చూశాను, నికనోర్ సవ్విచ్. అడగలేదు," అన్నాడు. తర్వాత మూలనున్న ఫదేయ్ రంగుల పెట్టె వైపు చూశాడు. సమోవార్ మీది ఆ తెల్లటి పట్టీని నల్లగా మార్చడానికి వేలెడు రంగు చాలు. అతని చెయ్యి కదల్లేదు. కదిలినా లాభం లేదు. తడి రంగు వాసన స్తుకోవ్ గుమ్మంలోనే పసిగడతాడు.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది.

స్తుకోవ్ కాగితం బల్ల మీద పరిచాడు. నా మాటలే, ఒక్క అక్షరం మారలేదు. సంతకం చెయ్యనంటే ఎందుకని అడుగుతాడు. అడిగితే అద్దం దాకా వెళ్తాడు. చేస్తే కనీసం రేపటిదాకా ఉస్తిన్యాకు ఆశ ఉంటుంది. కాగితంలో ఉన్నదంతా నిజమే. నా జీవితంలో ఇంత నికార్సయిన నిజం కింద సంతకం పెట్టి ఎరగను. పెట్టాను.

"ఒకటికి రెండుసార్లు చదివారేం షావుకారుగారూ? గెలిచారుగా."

"వ్యాపారిని. చదవకుండా పెట్టను," అన్నాను.

అతను కాగితం మడిచి కోటు లోపల పెట్టుకున్నాడు. ఓడినా హుందాగానే ఉన్నాడు. బొమ్మను గుడ్డలో చుట్టమని పహోమ్‌కు చెప్పి టోపీ తీసుకున్నాడు. పోతూ పోతూ, అలవాటు చొప్పున, జేబులోంచి చిన్న దువ్వెన తీసి తలుపు పక్కన ఆగాడు. ఎడమ చెయ్యి దుప్పటి అంచును కొంచెం పక్కకు జరపబోయి, మధ్యలో ఆగింది. చావు ఇంట్లో అద్దం చూడకూడదని గుర్తొచ్చినట్టుంది. దువ్వెన జేబులో వేసుకుని, ఛాతీ మీద శిలువ గీసుకున్నాడు.

అతను గుమ్మం దాటలేదు. అక్కడే, మాకు వీపు పెట్టి నిలబడిపోయాడు.

"పహోమ్, బొమ్మ చుట్టకు," అన్నాడు. "ఈ అద్దాన్ని కప్పిందెవరు?"